మూడో పీరియడ్ ఖాళీ

మా బళ్లో టైంటేబుల్ వేసే మనిషికి జూన్ నెలంతా తిట్లే తిండి. పిల్లలు ఇంకా పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ ఉండగానే టీచర్ల పోట్లాటలు మొదలవుతాయి. సోమవారం పొద్దున్నే తొమ్మిదో తరగతి నాకే ఎందుకు? తిన్నాక పిల్లలు జోగే పీరియడ్ నా నెత్తినే ఎందుకు పడింది? ఆటల పీరియడ్‌కి ముందు పాఠం పెడితే వినేదెవరు? మా హిందీ సారు ఏళ్ల తరబడి ఈ తిట్లు తిన్నాడు. తిట్టినవాళ్లలో నేను ముందు వరసలోనే ఉండేదాన్ని.

చంద్రబండ దాటి కొంచెం లోపలికి పోతే పత్తిచేల పక్కన ఉంటుంది మా హైస్కూలు. ఎయిడెడ్ బడి కనుక బదిలీలు లేవు. ఒకసారి చేరామంటే రిటైరయ్యేదాకా అదే స్టాఫ్‌రూము, అవే మొహాలు, అవే గొడవలు. నేను రాయచూరు నుంచి బస్సులో వచ్చి లెక్కలు చెబుతాను. పాఠాలు కన్నడంలో, కబుర్లు తెలుగులో, కోపమొస్తే దక్కనీలో. ఈ వైపు ఎవరిని అడిగినా ఇదే లెక్క.

హిందీ సారు చార్టు కాగితం నేలమీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిలుతో గళ్లు నింపేవాడు. ఒక గడి మారిస్తే ఇంకో గడి చెడేది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగితే కొత్త చార్టు తెప్పించేవాడు. ఇంతా చేశాక కూడా ఒక్కోసారి ఒకే తరగతిలోకి ఇద్దరు టీచర్లు వెళ్లి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. మేం విరుచుకుపడితే, "జర ఓపిక పట్టుండ్రి, నేను మీకేం దుష్మన్ కాను" అని నవ్వేవాడు.

ఆయన రిటైరయ్యాక ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. "లెక్కల మేడం ఉంది కదా" అని అందరూ నా వైపు చూశారు. నాకు మోకాళ్ల మీద కూర్చునే ఓపిక లేదు. కంప్యూటర్‌తో చేయిస్తానన్నాను. ఎవరు ఏ తరగతికి ఏ పాఠం చెప్పాలి, వారానికి ఎన్నిసార్లు చెప్పాలి, ఇవన్నీ ఓపిగ్గా ఎక్కిస్తే మిగతాది అదే చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. మీట నొక్కి టీ తెచ్చుకునేలోపు వారం మొత్తం తెరమీదికి వచ్చేసింది. ఎక్కడా ఇద్దరు ఒక గదిలో పడలేదు. ఆ యంత్రానికి దండం పెట్టాలనిపించింది.

అయితే మీట నొక్కేముందు అది ఒక ప్రశ్న అడుగుతుంది. ఎవరికి ఏ వేళ ఖాళీ కావాలి, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది అని. నేను పద్ధతిగల మనిషిని కదా, ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు. "నాదేముంది మేడం, మీరు ఎట్ల ఏస్తే గట్లే." ఆ ఏడే తాత్కాలికంగా చేరిన సైన్స్ టీచరు చిన్నపిల్ల, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె అయితే లేచి నిలబడి మరీ, "నాకేం ఇబ్బంది లేదు మేడం" అంది. మా మనుషుల నోట "ఏం లేదు" అన్న మాట వస్తే ఏదో ఉందని అర్థం. అది నాకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. అది మా అందరి మర్యాదనూ ఉన్నదున్నట్టు నమ్మేసింది.

కొత్త టైంటేబుల్ గోడకెక్కింది. ఎవరూ తిట్టలేదు. యంత్రాన్ని తిడితే ఏం సుఖం? నేను గెలిచాననుకున్నాను. కానీ స్టాఫ్‌రూములో మాటలు తగ్గాయి. సోషల్ సారు శుక్రవారం నమాజుకు పరుగెత్తుకుంటూ పోయి, పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. సైన్స్ పిల్ల కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని తిరుగుతోంది. రాయచూరు ఎండకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. ఈమెకు జ్వరమేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కొళాయి దగ్గర గిన్నె కడుక్కుంటుంటే బడి వెనకింటి కోడలు నన్ను ఆపింది. నా కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు పగలంతా చూసుకున్నది వాళ్ల అత్తే. ఆ అవ్వ ఇప్పుడు లేదు.

"మేడం, టైంటేబులు ఏసేది నువ్వేనంట గదా?"

"నేను కాదు, కంప్యూటర్ ఏస్తది."

"గా కంప్యూటర్‌కు పిల్లలు లేరా ఏంది?" అంది, నడుము మీద చెయ్యి పెట్టుకుని.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. సైన్స్ టీచరు చంటిబిడ్డ ఈమె దగ్గరే ఉంటుందట. ఆ బిడ్డ రాయచూరులో నానమ్మ దగ్గర ఉందని అప్పటిదాకా నేను అనుకున్నాను.

"పొద్దుగాల పాలు తాగితే మల్ల అన్నం బెల్లుకే. డబ్బా పాలు నోట్ల పెడితే ఉమ్మేస్తది. ఏడ్సి ఏడ్సి పండుకుంటది. గా టీచరు పిల్ల బెల్ కొట్టంగనే ఉరికొస్తది. పాలు గడ్డకట్టి నొప్పికి కండ్లల్ల నీళ్లు. జాకిటి తడిసినా కానరావద్దని కొంగు కప్పుకుంటది. నెలాఖరుకు నౌకరీ ఇడిసిపెడతనంటుంది."

"నాకొక మాట చెప్పొచ్చు గదా!"

"కొత్తగ చేరింది, ఎట్ల అడుగుతది? నేను చెప్పిననని అనకు మల్ల." వెళ్లబోతూ ఆగింది. "మా అత్త ఉన్నప్పుడు నువ్వు మూడో పీరియడ్‌ల దినాం వస్తుంటివి గదా. గప్పుడు ఎట్ల కుదిరె?"

నిజమే. నా బిడ్డ పాలు మానేదాకా నాకు మూడో పీరియడ్ ఖాళీగా ఉండేది. వెనక గేటు తీసుకుని వెళ్లి, పాలిచ్చి, బిడ్డ మెడ వాసన చూసుకుని, గంట కొట్టేసరికి తరగతిలో ఉండేదాన్ని. నా అదృష్టం అని అందరికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు టైంటేబుల్ నా చేతిలో ఉంది కనుక తెలుస్తోంది. దాని మానాన దాన్ని వదిలితే ఖాళీ పీరియడ్లు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. రోజూ ఒకే చోట పడేది అదృష్టం కాదు. ఎవరో అక్కడ పెట్టాలి.

సాయంత్రం ఇంటికి రాగానే హిందీ సారుకు ఫోన్ చేశాను.

"సారూ, నేను ఎన్నడూ అడగలే. నా మూడో పీరియడ్ సంగతి మీకెట్ల తెలిసె?"

ఆయన పకపకా నవ్వాడు. "మీరు అడుగుతరా ఏంది? ఎవరి తక్లీఫ్ వాళ్లను అడిగితే ఏం లేదు సార్ అంటరు. నేను ఒకరిది ఇంకొకరిని అడుగుతుంటి. జర టీ తాపిస్తే అన్నీ బైటికి వస్తుండె."

"మరి నాది ఎవరు చెప్పిండ్రు?"

"కన్నడ టీచరమ్మ. మీకు చెప్పద్దని కసమ్ ఏయించుకుంది. ఆ కసమ్ కూడ ఇప్పుడు రిటైరయిందిలే."

కన్నడ టీచరమ్మ! తన పాఠం అయ్యాక బోర్డు తుడవదని నేనూ, తన సుద్దముక్కల డబ్బా నేను వాడేస్తానని ఆమే, ఇన్నేళ్లూ పోట్లాడుకుంటూనే ఉన్నాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగలేదు. అయినా వాళ్లిద్దరూ నా బిడ్డకు పెట్టారు. ఫోను పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. దుఃఖం కాదు, కృతజ్ఞత. అదీ ఏడిపిస్తుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు మిర్చి బజ్జీలు, టీ తెప్పించాను. ఈసారి ఎవరినీ వాళ్ల కష్టం అడగలేదు. పక్కవాళ్లది అడిగాను. అంతే, చెరువుకు గండి పడినట్టే. సోషల్ సారుకు శుక్రవారం మధ్యాహ్నం ఇబ్బంది అని డ్రిల్లు సారు చెప్పాడు. డ్రిల్లు సారు మోకాళ్లు బాగాలేవు, ఎండపొద్దు ఆటలు పెట్టద్దని సోషల్ సారు చెప్పాడు. కన్నడ టీచరమ్మ బజ్జీ చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి నా చెవిలో అంది.

"ముందుగాల గా సైన్స్ పిల్లకు మూడో పీరియడ్ ఇడువు. కొంగు ఎందుకు కప్పుకుంటుందో సూస్తలేవా? లెక్కలు తప్ప ఏం కానరాదు నీకు."

ఇంతకు ముందైతే ఆ చివరి మాటకు వారం రోజులు మూతి ముడుచుకునేదాన్ని. ఆ రోజు బీరువాలోంచి కొత్త సుద్దముక్కల డబ్బా తీసి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె డబ్బాను చూసింది, నన్ను చూసింది. "హిందీ సారు నోట్ల నువ్వుగింజ నానదు" అని గొణిగి బజ్జీ కొరికింది.

అన్నీ కంప్యూటర్‌కు చెప్పి మీట నొక్కాను. మొదటిసారి కుదరదంది. ఒకటి రెండు సర్ది మళ్లీ నొక్కితే, వారమంతా అటూ ఇటూ కదిపి ఎవరి ఖాళీ వాళ్లకు ఇచ్చేసింది. హిందీ సారు ఈ పనికి ఎన్ని చార్టులు చింపేవాడో! చెప్పాలే గానీ, చెప్పిందంతా చిరాకు పడకుండా చేసిపెట్టే ఆ యంత్రమంటే నాకు మళ్లీ ప్రేమ పుట్టింది. అన్నం తిన్నాక పిల్లలు జోగే పీరియడ్ మాత్రం కన్నడ టీచరమ్మకు పడింది. పోట్లాటకు సిద్ధమయ్యాను. ఆమె గోడమీది కాగితం చూసి, "కంప్యూటర్ ఏసింది గదా, దాంతోని ఏం కొట్లాడుదు" అనేసి తరగతికి పోయింది.

కొత్త టైంటేబుల్ మొదలైన రోజు మూడో గంట కొట్టగానే సైన్స్ పిల్ల వెనక గేటు వైపు దాదాపు పరుగెత్తింది. నాలుగో గంటకు తిరిగొచ్చింది. కొంగు మామూలుగా ఉంది. మొహం తేటపడింది. నెలాఖరు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

స్టాఫ్‌రూములో పుస్తకాలు తీసుకుంటూ నాతో అంది. "మేడం, నా అదృష్టం సూడుండ్రి. కంప్యూటర్ దినాం మూడో పీరియడే ఖాళీ ఇడిసింది."

కన్నడ టీచరమ్మ కాపీలు దిద్దుతూ కళ్లద్దాల పైనుంచి నా వైపు చూసింది.

"ఔనమ్మా, నీ అదృష్టమే" అన్నాను.