బడి కత్తెర

మొన్న ఆదివారం మా మనవరాలు నా కత్తెరతో చార్టు కాగితం కోస్తూ దొరికిపోయింది. నేను వంటింట్లో కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. కాగితం కోస్తే ఒక చప్పుడు, బట్ట కోస్తే ఒక చప్పుడు. అరవై ఏళ్ళకు పైగా కుట్టుపని చేసిన చెవికి ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు. చేట అక్కడే పెట్టి బయటికి వచ్చాను. "ఏందే గది? బట్ట కోసే కత్తెరతోని కాగితం కోస్తవా? ధార పోతదని నీకెన్నిసార్లు చెప్పాలె?" అన్నాను. అది తల ఎత్తకుండానే, "నానమ్మా, జెర రెండు నిమిషాలు ప్లీజ్. రేపు మా స్కూల్ల సర్వీస్ ప్రాజెక్ట్ షురూ అయితుంది. నేనే టీం లీడర్‌ని" అంది.

నా చిన్నకొడుకు కూతురది. సిస్టర్లు నడిపే బడిలో పదో తరగతి చదువుతోంది. పొద్దున్నే యాప్రాల్ నుంచి బస్సెక్కి పోతుంది, సాయంత్రానికి ఏదో ఒక కప్పో మెడలో ఒక పతకమో తగిలించుకుని వస్తుంది. వ్యాసరచనలో ఒకటి, త్రోబాల్‌లో ఒకటి, పాటలో ఒకటి. అవన్నీ ముందుగదిలో అలమారు మీద వరసగా నిలబడి ఉంటాయి. గెలిచేది అది, దుమ్ము తుడిచేది నేను. తుడిచిన గుడ్డను మళ్ళీ ఉతికి ఆరేసేదీ నేనే. అయినా నాకేం కష్టంగా లేదు. ఆడపిల్ల నలుగురిలో నిలబడి మాట్లాడుతోందంటే ఆ దుమ్ముకు కూడా ఒక గౌరవం ఉంది.

కత్తెర లాక్కుని, చార్టు మీద ఏం రాసిందో చదవమన్నాను. ఇంగ్లీషులో రాసింది కదా, తెలుగులో చెప్పింది. సర్కారు ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లలకు బట్టలు పోగుచేస్తారట. "కింద పెద్ద అక్షరాలతో ఏం రాసినవ్?" అని అడిగాను. "కొత్త బట్టలు మాత్రమే. పాతవి తీసుకోం అని" అంది గర్వంగా. కత్తెర ఒళ్ళో పెట్టుకుని నేను కుర్చీలో కూర్చున్నాను. ఇదే మాట, ఇదే ఊళ్ళో, ఇటువంటి బడిలోనే, నా పదేళ్ళ వయసులో విన్నాను. అప్పుడు ఆ మాట నా చదువును ఊడగొట్టబోయింది. ఈ కత్తెర ఆ ఏటిదే.

అది నిజాం మీద పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, నలభై ఎనిమిది. మా నాయిన సికింద్రాబాద్ స్టేషన్లో గూడ్స్ షెడ్డు దగ్గర పనిచేసేవాడు. ఆ రోజుల్లో మా బంధువుల్లో ఆడపిల్లను బడికి పంపినవాళ్ళు లేరు. నన్ను పంపింది చదువు మీద ప్రేమతో కాదు. కాన్వెంటులో కుట్టు నేర్పుతారని ఎవరో చెప్పారు. దర్జీకి ఇచ్చే కూలి మిగులుతుందని పంపాడు. నాకు ఈ పొదుపు బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతుంటారు. మా నాయిన అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసేవాడు. అందులో సగం వచ్చినా చాలనుకుంటాను.

ఆ బడి నాకు మొదటిరోజు నుంచే నచ్చింది. ఎర్ర పెంకుల కప్పు, గచ్చు చేసిన వరండా, గంట కొట్టగానే ఆగిపోయే గోల. అక్షరాలు వంకర లేకుండా రాయడం, సూదిలో దారం ఉమ్మి తగలకుండా ఎక్కించడం, రెండూ ఒకే గదిలో నేర్పేవారు. కుట్టు నేర్పే సిస్టరమ్మది గుంటూరు వైపు. మాట తీయన, చూపు మాత్రం పోలీసు చూపు. పైన ఒక పెద్ద మదర్ ఉండేది, దొరసాని. ఆమెకు తెలుగు మూడు నాలుగు ముక్కలే వచ్చు, వాటితోనే మమ్మల్ని అందరినీ భయపెట్టేది.

ఆ వానాకాలం ముందునుంచే జిల్లాల నుంచి జనం మూటలతో వచ్చి పడుతున్నారు. రజాకార్ల భయానికి ఊళ్ళలో ఉండలేక, కంటోన్మెంటు దగ్గరైతే ప్రాణానికి భయం లేదని వచ్చినవాళ్ళు. యాక్షన్ జరిగినప్పుడు బడి మూసేశారు. మా నాయిన మమ్మల్ని గడప దాటనియ్యలేదు. మిలిటరీ లారీలు వరసగా పోతుంటే కిటికీ సందులోంచి చూడటమే. మళ్ళీ బడి తెరిచేసరికి మా పెద్ద హాలు నిండా ఆడవాళ్ళు, పిల్లలు. కొందరు నిండు చూలాళ్ళు. కొందరు ఆ హాల్లోనే కన్నారు. మేము వరండాలో కూర్చుని ఎక్కాలు చదువుతుంటే, లోపలి నుంచి పసిపిల్లల ఏడుపు మాతోపాటు వంత పాడేది.

పెద్ద మదర్ ఒక ప్రకటన చేసింది. క్రిస్మస్‌కు ముందు జరిగే వార్షికోత్సవంలో ఆ ఏడు కుట్టు బహుమతి మేజోడుకో పూల దిండుగలీబుకో కాదు. హాల్లో పుట్టిన పిల్లలకు అందరూ గౌన్లు కుట్టాలి, అందులో మేలైనదానికి ఇనాం. బట్ట మాత్రం కొత్తదే ఉండాలి. దిక్కులేనివాళ్ళకు పాతది ఇచ్చి చేతులు దులుపుకోకూడదు అంది. మంచి మాటే. కానీ ఆ ఏడు బట్ట దొరకడమే పెద్ద తక్లీఫ్. ఇంట్లో అడిగితే మా నాయిన, "వొంటి మీదికే బట్ట లేదు, ఊరోళ్ళ పిల్లలకు యాడికెల్లి తేవాలె?" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "సూస్తున్న సూస్తున్న, కుట్టు నేర్చినవో లేదో. ఈసారి ఇనాం తెస్తెనే వచ్చే యేడు బడి. లేకుంటే ఇంట్ల కూసోని కుట్టుకో" అన్నాడు. మా నాయిన మాట అంటే ఇక అదే. దానికి అప్పీలు లేదు.

మా అమ్మ మా తాత ధోవతి ఒకటి తీసి ఇచ్చింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన ధోవతి. నడిమికి చిరిగింది, అంచుల దగ్గర మాత్రం గట్టిగా ఉంది. దానితో ముందు తెరుచుకునే చిన్న జుబ్బా కుట్టాను, బొత్తాలకు బదులు దారపు ముళ్ళు పెట్టి. నా కుట్టు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, లోపలి కుట్టు ఏది బయటి కుట్టు ఏది అని తిప్పి చూసుకోవాల్సిందే. గుంటూరు సిస్టర్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి నిట్టూర్చింది. "పని బంగారంలా ఉందమ్మా. కానీ పాత బట్ట కదా, పోటీలో పెట్టడానికి లేదు. మదర్ ఒప్పుకోరు" అంది. పక్కనే బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి. కుచ్చులు కుచ్చులుగా కుట్టి లేసు వేసిన పట్టులాంటి గౌను ఆమెది. "ఇది బిడ్డకా, పలక తుడవనీకా?" అంది. "నీ గౌను ఏసుకుంటే పిల్ల నవ్వుతదో ఏడుస్తదో సూద్దాం. లేసు గుచ్చుకుంటది" అన్నాను. అన్నానే గానీ జుబ్బాను మడిచి ఒళ్ళో దాచుకున్నాను. పోటీలోనే లేకపోతే ఇనాం ఎక్కడిది? వచ్చే ఏడు బడి ఎక్కడిది?

మదర్ గౌన్లు చూసి మార్కులు వేసుకున్నాక, పంచే రోజున అవన్నీ ఒక బుట్టలో పేర్చారు. నా జుబ్బాను అడుగున నేనే పెట్టాను. పోటీలో లేకపోతే పోయింది, కుట్టినదాన్ని ఇంటికి మోసుకుపోవడం నాకు చేతకాదు. మదర్ ఒక్కొక్క తల్లి చేతిలో ఒక్కొక్క గౌను పెట్టింది. వాళ్ళు రెండు చేతులా తీసుకున్నారు, కళ్ళకు అద్దుకున్నారు, మడిచి తలగడ కింద పెట్టుకున్నారు. ఒక్కరూ బిడ్డకు తొడగలేదు. మదర్ చేతులతో సైగ చేసి చూపించింది, వెయ్యండి, వెయ్యండి అని. వాళ్ళు నవ్వి తల ఊపారు. పిల్లలు మాత్రం చిరుగు పాతల్లో చుట్టినట్టే ఉన్నారు. చలి మొదలైన రోజులవి. మదర్ ముఖం ఎర్రబడింది. గుంటూరు సిస్టర్‌తో ఇంగ్లీషులో గబగబా ఏదో అంది. తరువాత తెలిసింది: మన చేతి బట్ట వేస్తే మతంలో కలుపుతామని భయపడుతున్నారేమో, గౌన్ల మీద శిలువ గుర్తు కూడా పెట్టలేదే, అని బాధపడిందట.

ఇంతలో ఒక ముసలమ్మ, ఆ వారమే పుట్టిన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకున్నది, బుట్టలోకి వంగి అడుగున ఉన్న నా జుబ్బాను బయటికి లాగింది. వేళ్ళతో నలిపి చూసింది, చెంపకు ఆనించుకుంది.

"గిదెవ్వరి బట్ట బిడ్డా?" అని నన్నే అడిగింది.

"మా తాతది."

"ఉన్నడా?"

"ఉన్నడు. మీ పిలగాని కంటె ఎక్కువ ఏడుస్తడు, గంజి సల్లగైతే."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ముసలమ్మ, "మీ తాత ఆయుష్షంత నా మనవనికి రానీ" అని అక్కడికక్కడే జుబ్బా తొడిగి ముళ్ళు కట్టింది. అప్పుడు గుంటూరు సిస్టర్ నుదురు కొట్టుకుంది. "అయ్యో, నా మతి మండా! మా ఊళ్ళోనూ ఇంతే కదా" అని మదర్‌కు వివరించింది. పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డకు కొత్త బట్ట తొడగరు; ఆ పరాయి హాల్లో ఎవరికీ ఇంకా పురుడు చేసుకునే వీలు కాలేదు. పెద్దవాళ్ళు కట్టి విడిచిన పాత బట్టే వేస్తారు. మెత్తనా ఉంటుంది, ఆ పెద్దల ఆయుష్షూ వస్తుందని. సిస్టర్ చిన్నప్పుడే మఠంలో చేరింది, పురుళ్ళ మాట ఆమెకు తోచలేదు. మాకా, ఇనాం తప్ప ఇంకేదీ తోచలేదు. మదర్ వంగి ఆ బిడ్డ జుబ్బా ముళ్ళను వేలితో తాకి చూసింది. తరువాత గట్టిగా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం మాకదే మొదటిసారి.

మర్నాటి నుంచి బడి రూపమే మారిపోయింది. ప్రతి పిల్లా ఇంటి నుంచి ఒక పాత బట్ట తేవాలి. అమ్మమ్మల చీరలు, తాతల పంచెలు, ఎవరో కల్నల్ గారి పాత చొక్కా కూడా వచ్చింది. పెరట్లో కాగులో వేడినీళ్ళు మరిగించి బట్టలు ఉడకబెట్టడం, మామిడి కొమ్మకు తాళ్ళు కట్టి ఆరేయడం. కోసే పని నాది. ఎక్కడ చీకిందో ఎక్కడ బలంగా ఉందో చూసి, పీలిక కూడా వృథా కాకుండా కోయాలి. అది మా ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒకరు నేర్పాలా? కుట్టుగదిలో ఉన్న పెద్ద కత్తెర నా చేతికి ఇచ్చారు. బట్టల దుకాణం అమ్మాయి నా పక్కన కూర్చుని కుట్టింది. "నీ పలకగుడ్డ జర ఇటియ్యి" అనేది. "నీ లేసు జర అటు జరుపు" అనేదాన్ని. అట్లా స్నేహం కుదిరింది.

వార్షికోత్సవంలో ఇనాం ఆ అమ్మాయికే ఇచ్చారు. నియమం నియమమే, గౌను నిజంగా బాగుంది, పురుళ్ళు అయ్యాక పిల్లలకు ఆ కొత్తవే తొడిగారు కూడా. నేను బల్ల మీద కూర్చుని వేదిక వైపు చూస్తూ, ఇంక రేపటి నుంచి ఇంట్లోనే అనుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే మా నాయిన మాట మారేది కాదు.

అందరూ పోతుంటే గుంటూరు సిస్టర్ నన్ను ఆపి కత్తెర నా చేతిలో పెట్టింది. "ఇంట్లో సంగతి నాకు తెలుసమ్మా, మీ అమ్మగారు చెప్పారు. ఇది నీ దగ్గరే ఉండాలని మదర్ ఆర్డరు. కానీ చూడు నాన్నా, కత్తెర బడిది. రోజూ పొద్దున బడికి రావాలి, సాయంత్రం ఇంటికి పోవాలి. ఒక్కరోజు రాకపోయినా మీ నాన్నగారిని పిలిపించి అడుగుతాను. అట్లాగే చెప్పు" అంది.

అట్లాగే చెప్పాను. మా నాయిన కత్తెరను అటు తిప్పి ఇటు తిప్పి, "గిది ఇనామా, పనిముట్టా?" అన్నాడు. "రెండూ" అన్నాను. "బడోళ్ళ సామాను ఇంట్ల పెట్టుకుంటే మనకు మాటొస్తది నాయినా. రోజూ తీస్కపోయి చూపెట్టాలె." ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఇతరుల వస్తువు ఒక రాత్రి ఎక్కువ ఉంచుకోని మనిషి. "అయితే ఇంకేం చేస్తవ్, పో" అన్నాడు. కత్తెర బడికి పోవాలంటే దాన్ని మోసే మనిషి పోవాలి కదా.

ఆ పై ఏడంతా చదివాను. తరువాత మా తాతకు పక్షవాతం వచ్చింది, ఆయన సేవకు అమ్మ ఒక్కతే అయింది, మానేశాను. కత్తెర తిరిగి ఇవ్వడానికి పోతే సిస్టర్ తీసుకోలేదు. "నువ్వు వచ్చినప్పుడే తెద్దువులే" అంది. ఆ కత్తెరతోనే మా బజారు పిల్లలకు లంగాలు కుట్టాను, నా పిల్లలను చదివించాను. సానపట్టే అతను ఇప్పటికీ దాన్ని పట్టుకుంటే, "అమ్మా, ఈ ఇనుము ఇప్పుడు రాదు" అంటాడు. సాన పట్టీ పట్టీ ధార సన్నబడింది గానీ, మొండికేయలేదు.

ఇదంతా విని మా మనవరాలు చార్టు వైపు చూసింది. "మరి ఇప్పుడు చేంజ్ చెయ్యాల్నా నానమ్మా? ఆసుపత్రోళ్ళు ఇన్‌ఫెక్షన్ అంటరేమో" అంది. "మేము ఉడకబెట్టలేదా? అడుగు వాళ్ళను. వద్దంటే వద్దు. కని తల్లులను సుత అడుగు, మీ అంతల మీరే రాసుకోకుండ్రి" అన్నాను. అది కింది వరుస మీద తెల్ల కాగితం అంటించింది. నేను లోపలికి పోయి పెట్టెలోంచి నా పాత నేత చీర ఒకటి తీశాను. కాగితం కోసిన కత్తెరకు ముందు రెండుసార్లు గరుకురాయి రాసి, నేల మీద కూర్చుని కోయడం మొదలుపెట్టాను. అది నా ఎదురుగా కూర్చుని అంచు పట్టుకుంది. కొత్త బట్టలాగే వచ్చే రోజు ఎప్పుడూ గరుకుగానే వస్తుంది. మనకంటే ముందువాళ్ళు కట్టి, ఉతికి, మెత్తబరిచి విడిచిన కాలాన్నే కదా, పుట్టగానే మనమందరం మొదట తొడుక్కున్నది.