మేడ మీద పదమూడు ట్రేలు

ఈ సంగతి పదేళ్ల కిందటే రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. మా ఇంట్లో మాట తెలుగు, వీధిలో మాట తమిళం. బడికి పోవాల్సిన వయసులో నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్లు, అందుకని ఏ భాష అక్షరమూ నా దగ్గరికి రాలేకపోయింది. ఆ రోజుల్లో నాలాంటి వాళ్లకు ఒక విద్య మాత్రం బాగా వచ్చేది: చదివినట్టు తల ఊపడం. బస్సు బోర్డు కేసి కళ్లు చిట్లించి, "కళ్లజోడు మర్చిపోయినా, ఇది యాడికి పోతాది?" అని పక్కవాళ్లను అడిగేదాన్ని. (నాకు కళ్లజోడు ఎప్పుడూ లేదు.)

అప్పటికి నాకు ముప్పై దాటింది గానీ, ఇప్పుడు చెప్పబోయే మట్టి పనే నా మొదటి ఉద్యోగం గనుక నా లెక్కలో అది చిన్నతనమే. మేముండే ఒర్లియంపేటలో మా పక్కింటి మేడ గదిలోకి యానాం నుంచి పరిశోధన చేసే అమ్మాయి ఒకతె అద్దెకు వచ్చింది. మా వీధికంతా ఆమె యానాం పాప. సముద్రం దగ్గరి చిత్తడి నేలలో మట్టి తవ్వి మోయడానికి మనిషి కావాలి అనగానే నేను చెంగు దోపుకుని ముందుకు దూకాను. మూడు చోట్ల తవ్వాం. మావాళ్లు వేలికాత్తాన్ అనే సీమతుమ్మ పొదల కింద ఒకటి, గుర్రపుడెక్క కమ్మేసిన మడుగు అంచున ఒకటి, ఇంకా ఏదీ కమ్మని తుంగ నేలలో ఒకటి. సంచులన్నీ నా నెత్తి మీదే వచ్చాయి. మా అత్త మెట్ల దగ్గర నిలబడి, "ఊళ్లో యాడా మట్టి లేనట్టు ఆ బురదను మేడెక్కించేది ఏందే?" అంది.

అదే మాట పాపను అడిగాను. "మట్టిలో పాత విత్తనాలు నిద్రపోతుంటాయి అక్కా," అంది. "పైన తుమ్మ కమ్మేసినా కింద తుంగ విత్తనాలు ఇంకా బతికున్నాయా, అయిపోయాయా చూడాలి. బతికుంటే తుమ్మ కొట్టేస్తే చాలు, నేల తనే మొలిపించుకుంటుంది. లేకపోతే విత్తనం బయట నుంచి తేవాల్సిందే." నేను మోసింది బురద కాదు, నిద్రపోతున్న పిల్లల్ని!

చోటుకు నాలుగు చొప్పున పన్నెండు ట్రేలు పరిచాం. పదమూడోదాంట్లో వేయించిన ఇసుక పోశాం. దాంట్లో విత్తనమే ఉండదు, ఏదైనా మొలిస్తే గాలికి వచ్చి పడిందని అర్థం. ఒక్కోదాంట్లో ఒక ప్లాస్టిక్ చీటీ గుచ్చింది పాప. "మనం తెలుగువాళ్లమే కదా అక్కా, మీకు సులువుగా ఉంటుందని పేర్లన్నీ తెలుగులోనే రాశాను."

"మంచి పని చేస్తివి పాపా," అన్నాను తల ఊపుతూ. "ఇంగ్లీషైతే నాకు కొంచెం తడబాటు."

నాలుగైదు రోజులకు, పాప కాలేజీలో ఉన్న ఒక సాయంత్రం ఈడ్చి కొట్టింది వాన. పరుగున పోయి ట్రేలన్నీ మెట్ల గదిలోకి చేర్చాను. రెండు ట్రేలు ఒలికి కలిసిపోతే ఆ మట్టిని చేత్తో ఎత్తి, రెండింటికీ సమంగా పంచాను. (అన్యాయం చేయలేదు.) వాన వెలిశాక చూస్తే చీటీల నిండా బురద. నాకు శుభ్రం ముఖ్యం. చీటీలన్నీ పీకి, బకెట్లో సబ్బేసి తోమి, తుడిచి, ట్రేకి ఒకటి చొప్పున మళ్లీ గుచ్చాను. ఒక్కటీ వంకర లేదు.

పాప వచ్చి, "అబ్బ, ఎంత శుభ్రంగా పెట్టారక్కా!" అంది. తర్వాత వంగి చూసి అలాగే ఆగిపోయింది. "అక్కా, ఈ చీటీ మీద ఏముంది?"

"రాసింది నువ్వే కదా పాపా."

"ఉత్త ఇసుక అని ఉంది."

ఇద్దరం ఆ ట్రే వంక చూశాం. కాటుకలాంటి బురద.

"కొంచెం నల్లిసుక," అన్నాను.

ఆమె నవ్వలేదు. పిట్టగోడకు ఆనుకుని కూలబడింది. "రేపు మా సారు చూడ్డానికి వస్తున్నారక్కా. ఏది ఎక్కడిదో తెలియకపోతే నా పనంతా పోయినట్టే."

"నాకు చదవను రాదు పాపా," అనేశాను. "తెలుగు గాదు, ఏదీ రాదు. కళ్లజోడు కూడా లేదు." పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏం చేయాలో తోచక దగ్గరున్న ట్రేలో వేలు పెట్టాను. వేలికి సన్నటి ఎండుటాకులు అంటుకున్నాయి, నలిగిన మేక పెంటిక తగిలింది. "పాపా! ఇది వేలికాత్తాన్ కింద మట్టి!" పక్కదాన్ని వాసన చూశాను. కుళ్లిన గుడ్డు కంపు. "ఇది గుర్రపుడెక్కది!" ఆ పక్కదాంట్లో చిన్న నత్తగుల్లలు, ఎర్రటి వేరుముక్కలు. "ఇది తుంగది! నెత్తిన మోసినదాన్ని, నాకు తెలీదా?"

పాప అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. మంచం కింద మిగిలిన, పేర్లు రాసున్న సంచుల్లోంచి గ్లాసుల్లో మట్టి తెచ్చి, నన్ను కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే చేతికిచ్చింది. నేను నలిపి, వాసన చూసి చెబుతుంటే ఆమె గొంతు పెరిగిపోతోంది. "కరెక్టే అక్కా! ఇదీ కరెక్టే!" ఆ కేకలకు మా అత్త మేడెక్కి వచ్చి, "ఏందే, మట్టి తింటుండావా?" అంది.

చీకటి పడేలోగా పది ట్రేలకు వాటి పేర్లు వాటికి దక్కాయి. ఇసుకది ఎలాగూ తెలిసిందే. నేను న్యాయంగా పంచిన ఆ రెండింటికి మాత్రం పేరు లేదు. "ఇవి లెక్కలోకి రావక్కా. సారుకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను," అని పాప వాటిని పక్కకు జరిపింది.

మరుసటి పొద్దున, సారు రాకముందే, తల కూడా దువ్వుకోకుండా మేడెక్కాను. "పాపా, తుంగకు మొదటి అక్షరం రాసి చూపించు," అన్నాను. నోట్లో బ్రష్షుతోనే ఆమె ఒక చీటీ మీద 'త' రాసిచ్చింది. నేను ఆ పనికిరాని ట్రే ఒకటి ముందు పెట్టుకుని, తడి మట్టిలో వేలితో దిద్దాను. చుట్టు తిప్పాను, కాలు లాగాను, తలకట్టు పెట్టబోతే సరిగ్గా అక్కడే సూదిమొనంత పచ్చగా ఏదో పైకి వచ్చి ఉంది. నేను వేసిన కేకకు పాప బ్రష్షు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఇది లెక్కలోకి రాదక్కా!" అంటూనే నాతో కలిసి గంతులేసింది. ఇప్పుడు పేజీలకు పేజీలు రాస్తున్నాను గానీ, మట్టి చేతులతో గంతులేసిన అప్పటి నన్ను, ఆ దువ్వని తలదాన్ని, తలచుకుంటే ముచ్చటేస్తుంది. ఆ రోజు మాత్రం వేలు వెనక్కి తీసుకుని, తలకట్టు లేకుండానే 'త' అని గట్టిగా చదివాను.