నాన్న లుంగీ మీద లాంచీ

మా చిన్నప్పుడు... హౌరాలో మా ఒంటిగది ఇంట్లో, మే నెల ఎండల్లో, నేనూ అక్కా ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాం. ఫ్యాన్ తిరిగితే గంగ ఎగిరిపోతుంది మరి... గంగంటే నేలమీద పరిచిన నాన్న నీలం లుంగీ.

పక్కింటి బౌది, అంటే బెంగాలీ వదిన, వాళ్ళబ్బాయి ఆడి వదిలేసిన ప్లాస్టిక్ బ్లాకులు సంచీడు ఇచ్చింది. వాటితో లాంచీ కట్టాం. కెమెరా మావయ్యది. విజయనగరంలో ఫొటో స్టూడియోలో చేసేవాడు, నాలుగు రోజులకని వచ్చాడు.

"కూసింత జరపాలి, ఫొటో తియ్యాలి. మళ్ళీ జరపాలి. అన్నీ గబగబా తిప్పి చూస్తే అదే నడిచినట్టుంటాది" అని నేర్పాడు.

అక్క తీసేది... నేను జరిపేదాన్ని. గోరంత, అంతే. నాకేమో నిమిషం కుదురుండదు. అరికాళ్ళు జివజివలాడేవి. బయట పిల్లల అరుపులు...

మధ్యాహ్నం నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. పొద్దుటినుంచీ మునిసిపాలిటీ కాలవలు తీసి వచ్చిన మనిషి.

"నా లుంగీ ఏదే?"

"అది గంగ నాన్నా, ముట్టుకోకు" అంది అక్క.

తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మరి అవతలి ఒడ్డుకి ఎప్పుడు చేరుద్ది?" అని మాత్రం అడిగాడు.

లాంచీ ఇంకా నడిమధ్యలోనే ఉంది. సాయంత్రం మావయ్య రైలు. అతను సంచీ జిప్పు లాగిన చప్పుడు వినేసరికి ఇక నావల్ల కాలేదు... గోరంత జరపాల్సింది జానెడు జరిపేశాను.

"ఏటి చేస్తున్నావే?"

"రైలెళ్ళిపోద్ది, తియ్యి."

మూడేసార్లు జరిపి ఒడ్డు చేర్చేశాను. కెమెరా చిన్న తెరమీద అందరం చూశాం. నది మధ్యదాకా లాంచీ ఎంత ముద్దుగా నడిచిందో... ఆ తర్వాత కప్పలా దూకింది. నాన్న నవ్వాడు. అక్క నవ్వలేదు.

స్టేషనుకెళ్తే, రైలు మూడు గంటలు ఆలస్యమన్నారు.

అక్క నావైపు చూసి తల తిప్పేసుకుంది. ఆ మూడు గంటలూ ప్లాట్‌ఫారం మీద నేను కాలైనా కదపలేదు... ఎవరూ చెప్పకుండానే.

తర్వాత ఏదో పెళ్ళి ఫొటోలకి కెమెరాలో చోటు చాలక, మావయ్య ఆ ఫొటోలన్నీ తుడిచేశాడట.

ఇప్పుడు మా అమ్మాయి ఇలాంటివి ఫోన్లో పది నిమిషాల్లో తీసేస్తుంది, నచ్చకపోతే తుడిచేస్తుంది. ఎవరి రైలుతోనూ పని లేదు దానికి... పక్కన కూర్చుని జరిపేవాళ్ళతోనూ పని లేదు.

తొందరపడి చేజార్చుకున్నది మీకూ ఏదైనా ఉంటే కింద రాయండి... మా అక్క కూడా ఇక్కడే ఉంది, చదువుతుంది.