‘రాళ్లు వేయు’ అనే క్రియ

మా ఊరి మిషన్ బడిలో పంతులుగా చేరిన మూడో ఏడు, ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చెప్పే పని కూడా నా మీద పడింది. అంతకుముందు చెప్పే ముసలాయనకు నడుము వంగి, మోకాళ్లు బిగుసుకుపోయాయి. మర్రిగూడ చుట్టుపక్కల ఫ్లోరైడు నీళ్లు తాగి బతికినవాళ్లకు అది మామూలే. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పందొమ్మిది వందల యాభైలు సగం దాటాయి.

చౌటుప్పల్‌లో, పని చాలించుకున్న పాస్టరు అయ్యగారు ఒకాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు మిషన్ దొరల దగ్గర, కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకు నేర్చుకున్నారు. శనివారం ఒంటిపూట బడి కాగానే సైకిలెక్కి ఆయన దగ్గరికి పోయేవాణ్ని. ఒక మందపాటి నోటుబుక్కులో ఆయన గ్రీకు మాటలు, పక్కన తెలుగు, కింద అవి వచ్చే చోట్లు రాసుకున్నారు. పోయినప్పుడల్లా నాకు పది మాటలు చెప్పేవారు. ఎనిమిది మరిచిపోయి తిరిగొచ్చేవాణ్ని.

ఆ వేసవిలో నేను చెప్పాల్సి వచ్చిన భాగం, విశ్వాసం కోసం అందరికంటే ముందు చనిపోయిన మనిషిది. ఊరి బయటికి ఈడ్చుకుపోయి ఆయన్ని రాళ్లతో కొడతారు. ఆ భాగం నాదని తెలిసిన రోజు నుంచి అన్నం సయించలేదు. పిల్లల చేత ఎక్కాలు చదివిస్తూ మధ్యలో ఆగిపోయేవాణ్ని. పలకలు దిద్దుతున్నా, బావి కాడ నిలబడ్డా ఆ రాళ్ల మాటే మనసులో తిరిగేది. శనివారం దాకా ఓపిక పట్టలేక గురువారమే బడి పిల్లల్ని తొందరగా పంపేసి చౌటుప్పల్ పోయాను.

“అయ్యా, గీ రాళ్లు కొట్టుడు అన్న మాటకు గ్రీకుల అర్థమేంది? వేసుడా, కొట్టుడా?”

అయ్యగారు మంచం మీద లేచి కూర్చుని నోటుబుక్కు అందుకున్నారు. “రెండు మాటలున్నయి. ఒకటి లిథాజొ. ఇంకోటి లిథొబొలెయొ. ఇక్కడున్నది గీ రెండోదే. లిథొస్ అంటే రాయి, బల్లొ అంటే వేసుడు. రెండు కలిపి ఒక మాట చేసిన్రు.”

“అంటే తగిలినట్టు అందుల లేదా?”

“చేతిలకెల్లి రాయి పోయిందన్నట్టే ఉన్నది. తగిలిందా, ఎంత తగిలింది అని రెండిట్ల ఏ మాటా అడగది. కొందరు సచ్చిన్రు. ఒకాయనను సచ్చిండనుకొని ఊరవతల పారేస్తే లేచి మళ్ల ఊళ్లెకే నడిచిపోయిండు. దేవుని కొండను ముట్టిన గొడ్డును కొట్టుడుకు గూడ గీ రెండో మాటే.” వేలు కిందికి జరిపారు. “ఇంకోటి చూడు. ‘వేసిన్రు’ అని అయిపోయినట్టు లేదు. ‘వేస్తనే ఉన్నరు’ అన్నట్టున్నది. ఒక్కసారి గాదు, రెండుసార్లు గట్లనే రాసిన్రు. ఆయన ప్రార్థన చేస్తాంటె గూడ వాళ్ల చేతులు ఆగలే.”

నేను లేచి వాకిట్లోకి పోయి, మళ్లీ లోపలికొచ్చి నిలబడ్డాను.

“ఏమైంది? నువ్వు మాటకు అర్థం అడుగుతున్నవా, ఇంకేమన్న అడుగుతున్నవా?” అన్నారాయన.

అప్పుడు చెప్పాను.

ఆరేళ్ల కింద మా వాడకు గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో పిల్లలు వరసగా పోయారు. మా అక్క కొడుకు ఎనిమిది నెలలవాడు, రెండో రోజే పోయాడు. వాడిని పుట్టించింది వాడ చివర ఒంటరిగా ఉండే మంత్రసాని. మొగుడు లేడు, పిల్లలు లేరు. వరసకు నేను ఆమెను అత్తా అనేవాణ్ని. తన చేతులతో తీసిన పిల్లలు కదా అని, పానం బాగాలేని ప్రతి ఇంటికీ ఆమె పోయింది. గంజినీళ్లు తాగించింది, ఒళ్లు తుడిచింది. ఆమె పోయిన ఇళ్లలోనే పిల్లలు చచ్చిపోతున్నారని ఎవరో అన్నారు. మంత్రం చేసిందన్నారు. మూడో రోజుకు, ఆ మాట ఎవరన్నదని అడిగేవాళ్లు లేరు.

నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఇంటి ముందు చేరాం. తలుపు తెరుచుకుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మమ్మల్ని చూసి, “ఎవరికి నొప్పులొచ్చినయి?” అని అడిగింది.

మొదటి రాయి ఎవరు వేశారో నాకు తెలియదు. పిడికెడంత రాయి నేనూ వేశాను. అప్పుడు గాలిలో ఎన్నో రాళ్లున్నాయి. ఆమె కన్ను పట్టుకుని కూలబడి, మళ్లీ లేచి చేలలో పడి పరుగెత్తింది. పొలిమేర దాకా తరిమాం. దేవరకొండ దారిలో తన చెల్లెలి ఊరు చేరిందనీ, కుడి కన్ను పోయిందనీ తర్వాత విన్నాం. వేశాను గానీ తగిలిందని లేదు కదా అని ఆరేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

అయ్యగారు చాలాసేపు నోటుబుక్కు పేజీలు తిప్పారు. “గీ రెండు మాటలు ఎక్కడెక్కడున్నయో అన్ని రాసుకున్న. వాళ్లు వేసిన్రు అని ఉన్నది. నా మీద వేసిన్రు అని ఒకాయన చెప్పుకున్నడు. నేను వేసిన అని చెప్పినోడు ఒక్కడు లేడు.” పుస్తకం మూసేశారు. “ఆమె బతికే ఉన్నదా?”

“ఉన్నదంటున్నరు.”

“అయితే నా దగ్గరికెందుకొచ్చినవు?”

ఆ ఆదివారం కడుపులో నొప్పని చెప్పి గుడికి పోలేదు. సోమవారం బడి మూసి, దేవరకొండ దారి పట్టాను. రెండుసార్లు సైకిలు వెనక్కి తిప్పాను.

ఆమె చెల్లెలి ఇంటి వెనక చిన్న గుడిసె ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కుడి కన్ను మూసుకుపోయి ఉంది. ఎవరి కొడుకునో చెప్పాను.

“పెద్దగైనవు. మీ అక్క మంచిగున్నదా? మళ్ల పిల్లలైన్రా?”

“ఇద్దరు.”

“కాన్పు ఎవరు చేసిన్రు?”

“దవాఖానకు తీస్కపోయినం. అత్తా, ఆ పొద్దు నేను గూడ రాయేసిన.”

ఆమె చేయి ఆగలేదు. “ఎరికే. నా ముంగటనే ఉంటివి. అందర్ని చూసిన. అప్పుడు రెండు కండ్లుండె.”

“కంటికి తగిలింది నా రాయేనా?”

“గది నీకెందుకు? నీది గాకపోతే ఇంటికి పోయి మంచిగ తింటవా?”

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూస్తూ కూర్చుంది. “నువ్వు చెప్పుకొని బరువు దించుకొని అల్కగైతవు బిడ్డా. నేనెట్లైత?”

“ఏం చెయ్యాలె చెప్పు.”

చింతపండు చాట పక్కకు జరిపింది. “నా ఇంటికి యాపకట్టె తలుపుండె. మా ఆయన చేయించిండు. అది ఎవరింట్ల ఉన్నదో. ఇక్కడ తడిక అడ్డం పెట్టుకొని పంటున్న. అది తెచ్చియ్యి. ఇంకోటి, నేను మంత్రం చెయ్యలేదని చెప్పు. నాకు గాదు, వాళ్లకు.”

ఆ తలుపు గుడి పెద్ద ఒకాయన పశువుల కొట్టానికి ఉందని మా వాడలో అందరికీ తెలుసు.

తర్వాతి ఆదివారం ఆ భాగం చదివాను. గ్రీకు మాటను విడదీసి చెబుతుంటే అందరూ తలలూపారు. మా వాళ్లకు గ్రీకంటే గౌరవం. అప్పుడు, “గీ మాటను ఇంతవరకు ఎవ్వరు తన మీద పెట్టుకోలే. నేను పెట్టుకుంటున్న. మన మంత్రసాని మీద రాయేసిన. ఆమె ఏ మంత్రం చెయ్యలే. గత్తర నీళ్లతోటి వచ్చింది” అన్నాను. తలుపు సంగతి కూడా చెప్పాను.

గుడి పెద్ద లేచాడు. “పంతులూ, పాతయి తవ్వుడెందుకు? నువ్వొక్కనివి వేసినవా?”

“ఒక్కన్ని గాదు. నాది మాత్రమే చెప్తున్న.”

ఆయన బయటికి పోయాడు. వెనక సగంమంది పోయారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మా అక్క తల ఎత్తలేదు. మూణ్నెల్లు నన్ను మళ్లీ వాక్యం చెప్పనివ్వలేదు. బడికి పిల్లల్ని పంపడం కొందరు మానేశారు. పని పోతుందనే భయంతో ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయేవాణ్ని.

ఆ ఆదివారం తర్వాత ఐదో రోజున బడి తాళం తీయడానికి పోతే, గోడకు ఆనించి తలుపు ఉంది. గుడి పెద్ద భార్య దూరంగా పేడ ఎత్తుతూ కనిపించింది. నా వైపు చూడలేదు.

ఒక బండి అడిగి తెచ్చి తలుపు ఎక్కిస్తుంటే మా అక్క చిన్నవాణ్ని చంకనేసుకుని వచ్చింది. బండెక్కి కూర్చుంది. దారి పొడుగునా తలుపు జారకుండా పట్టుకుంది.

గుడిసె గుమ్మానికి ఆ తలుపు వెడల్పు ఎక్కువైంది. మట్టిగోడ జానెడు తవ్వాల్సి వచ్చింది. వంకరగా తవ్వుతున్నానని అత్త రెండుసార్లు తిట్టింది. మధ్యలో చూస్తే అత్త, అక్క చిన్నవాణ్ని ఒళ్లో వేసుకుని వాడి కాళ్లు, వీపు తడిమి చూస్తోంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మేం పోతున్నప్పుడు అత్త అక్కతో “మళ్ల రా” అంది. నాతో ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆమె తొమ్మిదేళ్లు బతికింది. మా వాడ ఆడవాళ్లు, మొదట దొంగతనంగా, తర్వాత బాజాప్తాగా, నెలలు నిండగానే బండి కట్టించుకుని ఆమె దగ్గరికి పోయేవాళ్లు. గుడి పెద్ద కోడలు కూడా అక్కడే కనింది. ఎంత పిలిచినా మా ఊరికి మాత్రం ఆమె ఒక్కసారీ రాలేదు. నేను ఏడాదికి రెండు మూడుసార్లు పోయేవాణ్ని. నీళ్లిచ్చేది, ఇంట్లో అందరినీ వరస పెట్టి అడిగేది. కప్పుకు గడ్డి వేయమనో, కట్టెలు కొట్టమనో పని చెప్పేది. క్షమించానని ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.