సముద్రం వచ్చేదాకా ఆగిన అత్త

ఎయిర్‌పోర్టులంటే ఇప్పుడు నాకు విసుగు. ఆడిట్ ఉద్యోగం పేరుతో నెలకోసారి ఏదో ఒక విమానం ఎక్కాల్సిందే. ఎక్కణ్ణించి ఎక్కడికి ఎన్ని గంటలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, చెబుతుండగానే నడుం నొప్పి మొదలవుతుంది. ఆ రోజుల్లో, డిగ్రీ పాసైన కొత్తలో మాత్రం, అదంతా చిటికెలో పని అనిపించేది. టికెట్ మీద దిగే టైములోంచి ఎక్కే టైము తీసేస్తే సరి! (మా వీధిలో ఇంగ్లీషూ లెక్కలూ రెండూ వచ్చినదాన్ని నేనేనని పేరు.)

మా మేనత్త ఉయ్యూరులో పచ్చళ్ల వ్యాపారం చేస్తుంది. లండన్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కు పిలుపొస్తే, ఇంగ్లీషు మాట్లాడ్డానికి నన్ను తోడు తీసుకెళ్లింది. "ఎంతసేపే ప్రయాణం?" అని అడిగింది. దూరంతో ఆవిడకు పనిలేదు, టైముతోనే. ఎందుకంటే అత్త ప్రయాణంలో బాత్రూంకు వెళ్లదు. ఆ అవసరం రాకుండా ముందునుంచే నీళ్లు మానేస్తుంది. (మన బస్టాండ్లు ఎరిగిన ఆడవాళ్లెవరూ దీనికి నవ్వరు.) "పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే ఒంటిగంటకు దిగుతాం. అయిదు గంటలత్తా. బెజవాడ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్లినంతే" అన్నాను. "ఓస్, అంతేనా!" అని అత్త నిశ్చింతగా ఎయిర్‌పోర్టులో రెండు కాఫీలు తాగింది.

అయిదు గంటలూ గడిచాయి. సీటు ముందున్న తెరమీద మ్యాప్‌లో మా విమానం ఇంకా సగం దారిలోనే ఉంది. లండన్‌లో గడియారం మనకంటే వెనక నడుస్తుందని పక్కసీటాయన చెబితే తెలిసింది. ఇంకో అయిదు గంటలట. "నీ లెక్కలు తగలెయ్య! పొట్ట పగిలేట్టుందే నాకు" అంది అత్త. వెనకాల బాత్రూం ఉందత్తా అన్నాను. "ఉంటే? రైల్లో చూళ్లేదూ, అంతా పట్టాల మీదకే పోతుంది. ఇక్కణ్ణించి ఎవరింటి మీద పడుతుందో! డాబా మీద వడియాలు పెట్టుకునుంటారే పాపం. నావల్ల కాదు." విమానంలో అలా పడదని బతిమాలాను. అయిదు గంటలని చెప్పిన నోటిని ఎవరు నమ్ముతారు? అత్తకు చెమటలు పట్టాయి. పమిటకొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఇక నాకు నవ్వు పోయి నిజంగానే భయం వేసింది. గాల్లో ఈవిడకేమన్నా అయితే నేనెవరిని పిలవాలి?

చాలాసేపటికి మ్యాప్‌లో నీలం రంగు కనిపించింది. నల్ల సముద్రం. "అత్తా, కింద నీళ్లే! ఊళ్లు లేవు!" అన్నాను. అత్త ఒక కన్ను తెరిచి, "పడవలున్నాయేమో చూడు" అంది. లేవని ఒట్టేశాను (నాకేం తెలుసు). సీటు కోసం ఉయ్యూరు బస్సు వెంట కూడా ఆవిడ అంత పరుగు పెట్టి ఉండదు. తిరిగొచ్చి సీట్లో వాలి, కిటికీ వైపు తిరిగి, "చల్లగా ఉండు తల్లీ" అని సముద్రానికి దణ్ణం పెట్టింది.

ఇప్పుడు అత్తకు మోకాళ్లు అరిగాయి, పక్కనున్న కంకిపాడు దాటి రావడం లేదు. నేను ఎయిర్‌పోర్టుకు బయల్దేరినప్పుడల్లా ఫోన్ చేసి "ఎంతసేపే?" అంటుంది. సరైన లెక్కే చెబుతాను. "అయితే దానికి రెట్టింపు వేసుకుంటాలే" అంటుంది. ఆ మాట కోసమే ఆవిడ ఫోన్‌కు ఎదురుచూస్తానేమో. ఆ తర్వాత ఎప్పుడో, నిద్రపట్టక, కాళ్లు పీకుతుంటే, బాత్రూంకని సీట్లోంచి లేవబోతాను. తెరమీద విమానం కింద ఏదో ఊరి పేరు కనిపిస్తుంది. అన్నీ తెలిసీ మళ్లీ కూర్చుండిపోతాను, సముద్రం వచ్చేదాకా. ఎవరి వడియాలో, పాపం.