ఆళ్లగడ్డలో మోతను మింగిన రాతిగోడ

ఆళ్లగడ్డకు అందరూ శిల్పాలు చూడటానికి వెళ్తారు. నేను మా చెల్లెలు సునీత కట్టిస్తున్న గోడ చూడటానికి వెళ్లాను. సునీత ధ్వని మీద పరిశోధన చేస్తుంది. అక్కడి ఒక శిల్పశాలలో ఉలులకు గాలి కొట్టే కంప్రెసర్ మోతకు పక్కనున్న బడిలో పాఠం వినపడదు. ఈసారీ మోత తగ్గకపోతే శిల్పశాల ఊరి బయటికి పోవాల్సిందేనని పెద్దలు తేల్చేశారు. గోడను పరీక్షించేది ఆ శనివారమే.

పొద్దున ఏడున్నరకు నంద్యాల బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. నలభై రూపాయలకే కడుపు నిండింది. చాగలమర్రి వైపు వెళ్లే బస్సెక్కితే గంట పైచిలుకులో ఆళ్లగడ్డ వస్తుంది, టికెట్టుకు వంద ఇస్తే చిల్లర కూడా వెనక్కి వస్తుంది. దిగి ఆటో అతనికి బడి పక్కనున్న శిల్పశాల అంటూ పేరు చెప్పబోతే ఆపేశాడు.

"పేరెందుకన్నా? ఆ మోత యాడ ఇనపడితే ఆడ దింపుతా."

నిజంగానే వీధి మలుపు తిరగకముందే మోత గుండెల్లో గుంయ్‌మంది. సునీత రాతిదుమ్ములో తెల్లబడి ఉంది. కంప్రెసర్ చుట్టూ రాతిపలకలు నిలబెడుతున్నారు. పలకలకు సన్నని చీలికలు, ఒక్కో చీలిక వెనక ఒక చిన్న గది. ఇలాంటివాటిని అకూస్టిక్ మెటామెటీరియల్స్ అంటారట. పనంతా లోపల చెక్కిన ఆకారానిదే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే శ్రుతి పలుకుతుంది కదా, ఈ గదులను కంప్రెసర్ శ్రుతికి సరిపోయేలా చెక్కితే మోత వాటిలోకి దూరి అక్కడే అణిగిపోతుంది. ప్రయోగశాలల్లో ప్లాస్టిక్‌తో చేసేదాన్ని శిల్పుల ఊళ్లో రాతితో చేయాలని మా చెల్లి పంతం. మొదటిసారి ఆ పంతం బెడిసికొట్టింది. పెద్ద శిల్పి మద్దిలేటన్న చీలికల అంచులన్నీ నున్నగా తీర్చిదిద్దాడు. దాంతో మూతులు వెడల్పయి శ్రుతి పెరిగిపోయింది, మోత ఎక్కడిదక్కడే ఉంది.

"అంచు గరుగ్గా ఇడిస్తే మా చేతికి నామర్దా గదప్పా" అన్నాడాయన, ఏమాత్రం తగ్గకుండా.

"నున్నగానే ఉండనీలే అన్నా, ఎనక గది లోతు చేస్తే సరిపోతాది అంటి గదా" అని సునీత నవ్వింది. అలా లోతు చేయించి శ్రుతిని మళ్లీ కిందికి దింపింది.

పదకొండుకు చివరి పలక నిలబడింది. నేను వెళ్లి బడిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఫిర్యాదు చేస్తున్న హెడ్‌మిస్ట్రెస్ మేరమ్మ గారు మామూలు గొంతుతో పాఠం మొదలుపెట్టారు. ఉలుల టకటక వినిపిస్తోంది గానీ ఆ గుంయ్ మాత్రం దాదాపు లేదు. ఆవిడ మధ్యలో ఆపి, "మిషన్ ఆపినారా ఏందీ?" అని కిటికీలోంచి అనుమానంగా అడిగారు.

"తిరుగుతాండాదమ్మా! వచ్చి చూసుకో!" అని మద్దిలేటన్న కేకేశాడు.

ఆవిడ నిజంగానే వెళ్లి, తిరుగుతున్న బెల్టును చూశారు. "ఈడనే ఉండండప్పా. యాడికీ పోవద్దు" అన్నారు. సునీత ఏడ్చేసింది. నా కళ్లూ ఆగలేదు.

ఎవరు చేసినా గర్వపడేవాణ్ణేనని రాయొచ్చు, కానీ అబద్ధమెందుకు? నా చెల్లెలు చేసింది కాబట్టే ఇంత గర్వం. బొమ్మలు చెక్కే చేతులతో ఆ ఊరి రాతిలోనే చేయించి చూపించింది. మీరూ వెళ్తే మధ్యాహ్న భోజనానికి మిషన్ ఆపకముందే వెళ్లండి. ఒక్క జాగ్రత్త, మోతను పట్టుకొని పోదామనుకోకండి. ఇప్పుడు దారి అడగాల్సిందే.