కిక్‌లో ఉన్న తుమ్ము నాదే

నా పేరు చెప్పమని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఫోన్ చేసి అడిగితే సిగ్నల్ లేదన్నాడు. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని అడిగితే పప్పు ఇటు తెమ్మని కేకేశాడు. ఎదురుగా నిలబడి అడిగితే భుజం తట్టి వెళ్లిపోయాడు. మూడూ నాకు గుర్తున్నాయి. అందుకే ఇప్పుడు రాతలో పెడుతున్నాను.

నేను చెప్పేది మా బావ గురించి, అంటే మా మేనత్త కొడుకు. వరంగల్‌లో డీజే బండి నడుపుతాడు. చిన్నప్పుడు నా డప్పు పగలగొట్టి ఎలుక కొరికిందని చెప్పాడు. అది వేరే ఫిర్యాదు. ఇప్పటి సంగతి ఇది: పెళ్లి ఊరేగింపు బరాత్‌లో ఆయన బండి ‘ధమ్’ అనగానే జనం గుండె మీద చెయ్యేసుకుని నవ్వుతారే, ఆ ధమ్ నేను చేసింది. డ్రమ్ము లేకుండా కంప్యూటర్లో తయారుచేసే ఆ దెబ్బను కిక్ అంటారు.

మంచి కిక్‌లో ముందు చిన్న ‘టక్’ ఉండాలి, అది చెవికి. దాని వెనకే బరువైన ‘ధమ్’, అది కడుపుకి. ధమ్ కోసం మిర్చి యార్డుకు వెళ్లాను. బస్తా పడినప్పుడు నేల పలికే తీరు నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

“ఫోన్ నేల మీద వెట్టి ఏం జేస్తానవ్ బిడ్డా?” అన్నాడు బస్తాలు దించే పెద్దాయన.

“సప్పుడు పట్టుకుంటాన కాకా. జర ఎత్తుల నుంచి ఎయ్యి.”

“ఇన్నేండ్ల సంది ఏస్తాన. సప్పుడు మంచిగున్నదని ఒక్కడు చెప్పలే,” అంటూ, పెళ్లికొడుకును ఎత్తినంత మురిపెంగా బస్తా ఎత్తి వేశాడు.

బస్తా పడింది. కారం దుమ్ము లేచింది. నేను తుమ్మిన తుమ్ముకి తూకం దగ్గరి మనుషులంతా వెనక్కి తిరిగారు.

ఇంటికొచ్చి ఆ ధమ్‌ను సాగదీసి, పై శ్రుతి నుంచి కింది శ్రుతికి చిటికెలో జారేలా చేశాను. వింటే లిఫ్ట్ దిగినట్టే అనిపించింది. కానీ పళ్లు లేని పులిలా ఉంది, టక్ లేదు. వారం రోజులు ఇంట్లో కనిపించినవన్నీ కొట్టాను. గిన్నె కొడితే గిన్నెలాగే వినిపించింది. తలుపు కొడితే మా అమ్మ “ఎవలు?” అంటూ వచ్చింది. విసుగొచ్చి యార్డు రికార్డింగ్ మొత్తం మళ్లీ వింటే, చివర్లో నా తుమ్ము. దాని మొదటి తునక, రెప్పపాటు కూడా ఉండదు, కత్తిరించి ధమ్ నెత్తిన పెట్టాను. బీరువా అద్దం అదిరింది. మంచం ఎక్కి దూకాను. మళ్లీ మోగించి మళ్లీ దూకాను.

దాన్ని బావకు ఇచ్చాను. తర్వాతి ఆదివారమే పట్టపగలు బరాత్‌లో మోగింది. పెళ్లికొడుకు మేనమామ షేర్వానీ గుండీలు తెగాయి. బ్యాండు వాళ్లు వాయిద్యాలు చంకన పెట్టుకుని ఎగిరారు. ఆ సంతోషంలో బండి ఎక్కి బావ చెవిలో చెప్పేశాను.

“బావా, ముందల టక్కుమంటాంది సూడు, గది నా తుమ్మే.”

ఆయన చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. “నోరు మూయ్ బామ్మర్దీ. పెండ్లికి తుమ్ముతోని ఎదురొచ్చినమని ఎరుకైతే నా బండిని ఎవడు పిలుస్తడు?”

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే చెప్పులు విడిచి, నీళ్లు తాగి, కాసేపు కూర్చునే ఇల్లు మాది. ఆయన భయం నాకు తెలియక కాదు. కానీ చప్పుడు మాత్రం తీసెయ్యలేదు. ఎవరైనా అడిగితే “హైదరాబాద్ నుంచి తెప్పించిన” అంటాడు. రెండు సందుల అవతల మంచం మీద దూకి చేసిన కిక్‌ను హైదరాబాద్ పాలు చేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఇతర బండ్లకూ పంచాడు. మొన్న నర్సంపేట ఆటోలో నా తుమ్ము నాకే వినిపించింది. అలవాటుగా జేబులో రుమాలు తడుముకున్నాను.

చివరికి అవ్వ దగ్గరికే వెళ్లాను. నాకు నాయనమ్మ, ఆయనకు అమ్మమ్మ. శకునాల్లో ఆమె మాటకు మా ఇంట్లో తిరుగులేదు.

“అవ్వా, ఒక్క తుమ్ము చెడ్డది, రెండైతే మంచిది అంటవు గదా. బరాత్ పొడుగూతా దమ్ము తీయకుండ తుమ్మితే?”

అవ్వ వక్క నములుతూ ఆలోచించింది. “గన్ని తుమ్ములైతే శకునం కాదురా. పడిశం.”

అక్కడే నేల మీద పడి నవ్వాను. తీర్పు మళ్లీ చెప్పించి, రికార్డు చేసి బావకు వాట్సాప్‌లో పంపాను. విన్నట్టు నీలం గీతలు పడ్డాయి.

బావా, ఇక నీకు సాకు లేదు. పడిశానికి ముహూర్తంతో పని లేదు. వచ్చే ఆదివారం నీ బండి ముందే నిలబడతాను. మైకు నీ చేతిలోనే ఉంటుంది. పాట ఆపి, అందరూ వినేలా చెప్పు: ఆ కిక్ ఎవరిది?